ఒక్క రోజు చూసి నాలుగేళ్ల పిల్లల ఎదుగుదల ఎలా తేలుస్తారు?

ఇంగ్లండ్‌లో ఉండే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఏడాది పొడుగునా తిరిగే ప్రశ్న ఒకటుంది, "మా ఇంటి దగ్గర ఫలానా నర్సరీ ఉంది, ఆఫ్‌స్టెడ్ రేటింగ్ ఏంటో ఎవరికైనా తెలుసా, ఔట్‌స్టాండింగేనా?" అని. ఆఫ్‌స్టెడ్ అంటే ఇక్కడి స్కూళ్ళనీ నర్సరీలనీ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ, ఔట్‌స్టాండింగ్ అంటే దాని పాత పద్ధతిలో అన్నిటికంటే పై గ్రేడ్. రెడింగ్ అయినా స్లౌ అయినా మిల్టన్ కీన్స్ అయినా ఇదే. ఇల్లు అద్దెకి తీసుకునే ముందు కూడా చాలామంది ఇదే చూస్తారు. నేను నర్సరీలో ప్రీస్కూల్ రూమ్‌లో పనిచేస్తాను, అంటే మూడు నాలుగేళ్ల పిల్లలతో, కాబట్టి తెలిసినవాళ్ళు నన్ను నేరుగా కూడా అడుగుతుంటారు. నా జవాబు ఎప్పుడూ పొడుగైపోతుంది, ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే ఇక్కడ కూర్చుని రాస్తున్నా.

రేటింగ్ చూడొద్దని చెప్పట్లేదు. సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల భద్రత, సరిగ్గా లేని చోట పిల్లల్ని ఎవరూ వదలకూడదు, అది చెక్ చేసేవాళ్ళు ఉండాల్సిందే. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ రిపోర్టులో ఉండే ఇంకో సంగతి గురించి, "ఇక్కడ పిల్లలు మంచి ప్రోగ్రెస్ సాధిస్తున్నారు" అనే వాక్యం గురించి. దాదాపు ప్రతి రిపోర్టులో ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది అది. ప్రోగ్రెస్ అంటే ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చారు అనే కదా. ఇన్‌స్పెక్టర్ వచ్చేది ఒక రోజు. ఆ రోజు పిల్ల ఎక్కడుందో కళ్ళతో చూడొచ్చు, కానీ ఎక్కడ మొదలైందో ఎవరు చెప్తారు? నా దృష్టిలో మొత్తం గొడవంతా ఇక్కడే ఉంది.

తెలియనివాళ్ళ కోసం కొంచెం బ్యాక్‌గ్రౌండ్. ఇంగ్లండ్‌లో పుట్టినప్పటి నుంచి స్కూల్లో మొదటి క్లాసైన రిసెప్షన్ అయ్యేదాకా, అంటే అయిదేళ్ల వయసు దాకా, పిల్లల్ని చూసుకునే చోటల్లా ఈవైఎఫ్ఎస్ (ఎర్లీ ఇయర్స్ ఫౌండేషన్ స్టేజ్) అనే ఒక చట్టబద్ధమైన ఫ్రేమ్‌వర్క్ ఉంటుంది, 2008లో మొదలైంది, మధ్యలో చాలాసార్లు మార్చారు, 2021 సెప్టెంబర్‌లో వచ్చిన మార్పు పెద్దది. అందులో ఏడు ఏరియాలు. మాట, శరీరం, మనసు–నడవడిక అనే మూడూ ప్రైమ్ ఏరియాలు, చదవడం రాయడం, లెక్కలు, చుట్టూ ఉన్న ప్రపంచం, బొమ్మలు పాటలు లాంటివి మిగతా నాలుగు. రిసెప్షన్ ఏడాది చివర్లో టీచర్ ఒక్కో పిల్ల గురించి 17 గోల్స్ దగ్గర 'ఎమర్జింగ్' (ఇంకా అందుకోలేదు) లేదా 'ఎక్స్‌పెక్టెడ్' (అందుకుంది) అని రాస్తుంది. ముందు 'ఎక్సీడింగ్' అని మూడోది కూడా ఉండేది, 2021లో తీసేశారు. నర్సరీలకి ఈ 17 గోల్స్ మార్కులు ఉండవు, రెండు–మూడేళ్ల మధ్య ఒక ప్రోగ్రెస్ చెక్ రాసి తల్లిదండ్రులకి ఇవ్వాలి, మిగతాదంతా రోజూ చూసి తెలుసుకోవడమే.

ఇలా రోజూ చూసి తెలుసుకున్నదాన్ని ఇన్‌స్పెక్టర్‌కి ఎలా చూపించాలి అనే భయం నుంచి పుట్టిందే ట్రాకర్. ఈ ఫీల్డ్‌లో పాతవాళ్ళందరికీ ఆ రోజులు బాగా గుర్తుంటాయి. 2012లో వచ్చిన డెవలప్‌మెంట్ మ్యాటర్స్ అనే గైడెన్స్‌లో వయసుల వారీగా బ్యాండ్లు ఉండేవి, 22 నుంచి 36 నెలలు, 30 నుంచి 50 నెలలు, 40 నుంచి 60 నెలలు, అలా. చూడండి, అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, 30–36 నెలల పిల్ల రెండింట్లోనూ ఉంటుంది, కావాలనే అలా పెట్టారు, ఎందుకంటే ఏ ఇద్దరు పిల్లలూ ఒకే వేగంతో ఎదగరు కాబట్టి. మనం ఏం చేశామంటే ఒక్కో బ్యాండ్‌ని మళ్ళీ మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక నంబర్ ఇచ్చి, ఎక్సెల్‌లో పెట్టి, టర్మ్‌కి ఇన్ని పాయింట్లు పెరగాలి అన్నాం. పెరగకపోతే గడి ఎర్ర రంగు. పిల్ల ఒంటికాలి మీద నిలబడిందా ఫోటో, పక్కన స్టిక్కీ నోట్, జిగురుతో ఫోల్డర్‌లో అతికించడం, తర్వాత ఫోల్డర్ పోయి టాబ్లెట్ వచ్చింది, అదే పని స్క్రీన్ మీద. పిల్ల మన కొంగు పట్టుకుని ఏదో చెప్తుంటే "ఒక్క నిమిషం అమ్మా" అని ఫోటో తీసి టైప్ చేసుకునే పరిస్థితి, పిల్లని గమనించడానికి పెట్టుకున్న పని పిల్లతో మాట్లాడే టైమునే తినేసేది.

అందులో ఇంకో పెద్ద లోపం ఉంది. పాయింట్లు పెరగడమే ప్రోగ్రెస్ అయితే మొదట తక్కువ వేసిన చోట ఎక్కువ ప్రోగ్రెస్ కనిపిస్తుంది. చేరిన కొత్తలో పిల్ల ఎలాగూ బిక్కుబిక్కుమంటూ ఉంటుంది, మాట్లాడదు, వచ్చింది కూడా చూపించదు. ఆ వారంలో వేసిన మార్కు తక్కువే ఉంటుంది. ఆర్నెల్లకి అలవాటుపడి తనకి ముందే వచ్చినవన్నీ బయటపెడుతుంది, ట్రాకర్‌లో గీత పైకి లేస్తుంది. ఎవరూ అబద్ధం రాయలేదు, అయినా ఆ గీత చెప్పేది నేర్చుకున్నది కాదు, అలవాటుపడింది మాత్రమే.

2019 సెప్టెంబర్‌లో ఆఫ్‌స్టెడ్ కొత్త ఫ్రేమ్‌వర్క్ తెచ్చినప్పుడు, స్కూళ్ళు లోపల తయారుచేసుకునే డేటాని ఆధారంగా చూడం అని చెప్పేసింది, నర్సరీల విషయంలో కూడా ట్రాకింగ్ షీట్లు కుప్పలు పోసి పెట్టక్కర్లేదు అంది. 2021 ఈవైఎఫ్ఎస్ అయితే ఇంకా స్పష్టంగా, అసెస్‌మెంట్ పేరుతో పిల్లలకి దూరంగా ఎక్కువసేపు గడపొద్దు, టీచర్‌కి పిల్ల గురించి తెలిసినదాన్ని నమ్మొచ్చు, ప్రతిదానికీ కాగితం మీద రుజువు పెట్టక్కర్లేదు అని రాసింది. ఇది మా రంగంలో జరిగిన చాలా మంచి మార్పుల్లో ఒకటి, నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా. అయినా ఇప్పటికీ చాలా చోట్ల ట్రాకర్లు నడుస్తున్నాయి, "ఎందుకైనా మంచిది" అని. భయం అంత తొందరగా పోదు.

మరి డేటా చూడకపోతే ఏం చూస్తారు? మామూలుగా ముందురోజు మధ్యాహ్నం ప్రాంతంలో ఫోన్ వచ్చేది, రేపు వస్తున్నాం అని. వచ్చాక మేనేజర్‌తో కలిసి రూములన్నీ తిరుగుతారు, దాన్ని లర్నింగ్ వాక్ అంటారు, ఇక్కడ ఇది ఎందుకు పెట్టారు, ఈ పిల్లలు దీంతో ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు అని అడుగుతారు. తర్వాత కొందరు పిల్లల్ని ఎంచుకుని వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో చూస్తారు, వాళ్ళ కీ పర్సన్‌తో మాట్లాడతారు. కీ పర్సన్ అంటే ప్రతి పిల్లకీ తప్పనిసరిగా ఉండాల్సిన ఒక స్టాఫ్ మనిషి, ఆ పిల్ల బాగోగులన్నీ దగ్గరుండి చూసేది. పొద్దున పిల్లల్ని వదలడానికి వచ్చిన అమ్మానాన్నలతో కూడా గేటు దగ్గర మాట్లాడతారు.

నేను చూసిన మంచి ఇన్‌స్పెక్షన్ ఒకటి చెప్తాను. వాటర్ ట్రే దగ్గర ఒక పాప పొడుగు సన్న సీసాలోంచి పొట్టి వెడల్పు గిన్నెలోకి నీళ్ళు పోస్తోంది. పోసి, గిన్నె అడుగున కొంచెమే కనిపించేసరికి మళ్ళీ సీసా నింపింది, మళ్ళీ పోసింది, ఇంకా నిండలేదు. సీసా పైకెత్తి చూసింది, గిన్నెలోకి చూసింది. ఇన్‌స్పెక్టర్ అక్కడే చిన్న కుర్చీలో, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా కూర్చుని చూస్తోంది, నోరెత్తలేదు. మా స్టాఫ్‌లో ఆ పాప కీ పర్సన్ అయిన అమ్మాయి కూడా తొందరపడలేదు. పాప తలెత్తి "ఇది పెద్దదా?" అని గిన్నె చూపిస్తే, "నీకేమనిపిస్తోంది?" అంది, అంతే. పాప ఇంకో రెండు సీసాలు పోసి "ఇది పొట్టిదే కానీ ఎక్కువ తాగుతుంది" అంది. తర్వాత ఇన్‌స్పెక్టర్ పక్కకి పిలిచి అడిగింది, ఈ పాప చేరినప్పుడు ఎలా ఉండేది అని. అప్పుడు ఆ అమ్మాయి చెప్పింది, చేరినప్పుడు నీళ్ళ దగ్గరికే వచ్చేది కాదు, చెయ్యి తడిస్తే ఏడ్చేది, ముందు స్పాంజితో మొదలుపెట్టాం, తర్వాత చెంచా, తర్వాత మగ్గు, ఇప్పుడు సీసాలు, వచ్చే వారం ఇసుకతో ఇదే ప్రయత్నిద్దామనుకుంటున్నా అని. ఒక్క కాగితం తియ్యలేదు. మొదలు, ఇప్పుడు, తర్వాత, మూడూ ఆమె నోట్లో ఉన్నాయి, ఎందుకంటే మూడూ ఆమె పక్కనుండి చూసినవే. ప్రోగ్రెస్‌కి దీనికంటే మంచి రుజువు నాకు తెలియదు.

కానీ ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. డేటా పోయాక ఆ బరువంతా పెద్దవాళ్ళ మాట మీద పడింది. బాగా మాట్లాడగలిగిన స్టాఫ్ ఉన్న చోట పిల్లల ప్రోగ్రెస్ బాగా కనిపిస్తుంది. ఈ రంగంలో పనిచేసే చాలామంది చిన్న వయసు అమ్మాయిలు, అప్రెంటిస్‌లు, జీతాలు తక్కువ, మాలాగా వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు. బేబీ రూమ్‌లో ఒకమ్మాయిని చూశాను, ఎంత ఏడ్చే పసివాడైనా ఆమె భుజం మీద పడగానే ఊరుకుంటాడు, ఎవరు ఎప్పుడు పాకారు, ఎవరు ఏ పాటకి చేతులు ఊపుతారు అన్నీ చెప్పగలదు, కానీ మెడలో బ్యాడ్జి వేసుకున్న కొత్త మనిషి ఎదురుగా నిలబడి "ఈ బిడ్డ విషయంలో నీ ఇంటెంట్ ఏంటి", అంటే ఏం నేర్పాలనుకుంటున్నావు, అని అడిగితే గొంతు పూడుకుపోతుంది. అక్కడ తేలేది బిడ్డ ప్రోగ్రెస్సా, ఆ అమ్మాయి ఇంగ్లీషా? ఈ ప్రశ్న నాకు చాలా ముఖ్యం. మంచి ఇన్‌స్పెక్టర్లు దీన్ని కనిపెట్టి, ఇంటర్వ్యూలా కాకుండా పక్కన కూర్చుని, ఆమె పని చేస్తుండగా మామూలు మాటల్లో అడుగుతారు. అందరూ అలా అడగరు. అడగడం కూడా ఒక నైపుణ్యమే, ఎర్లీ ఇయర్స్‌లో, అంటే ఈ చిన్నపిల్లల రంగంలో, పనిచేసిన అనుభవం లేని మనిషికి అది అంత తేలిగ్గా రాదు.

రెండో ఇబ్బంది, ఆ ఒక్కరోజు మేమే మారిపోతాం. మామూలుగా పిల్లల్ని వాళ్ళ ఆటకి వదిలేసే స్టాఫ్ కూడా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి రాగానే "ఇది ఏ కలర్? ఎన్ని ఉన్నాయి? ఇంకా?" అని వరసగా ప్రశ్నలు మొదలుపెడతారు. బ్లాకులతో వంతెన కడుతున్న పిల్లాడికి అప్పటిదాకా బుర్రలో ఏదో పెద్ద ఆలోచన నడుస్తుంటుంది, ఎర్రది అని ముక్తసరిగా చెప్పి లేచి వెళ్ళిపోతాడు. ఆ పిల్లాడు వంతెన కూలకుండా రెండు వైపులా బరువు సమానంగా పెట్టడం నేర్చుకున్నాడు, అది ఎవరికీ కనిపించలేదు, కలర్ తెలుసని మాత్రం రికార్డయింది. నాతో పనిచేసే కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఆ రోజు కూడా నోరు మూసుకుని పది లెక్కపెట్టుకోండి, పిల్లలే ఏదో ఒకటి అంటారు.

ఇక రిసెప్షన్ క్లాసుకొస్తే అక్కడ ఇంకో మొదలు ఉంది, ప్రభుత్వం పెట్టిన మొదలు. రిసెప్షన్ బేస్‌లైన్ అసెస్‌మెంట్ అంటారు, 2021 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. స్కూల్లో చేరిన మొదటి ఆరు వారాల్లో, సుమారు 20 నిమిషాలు, ఒక్కో పిల్లని కూర్చోబెట్టి లెక్కలు, భాష మీద చిన్న చిన్న పనులు చేయిస్తారు. అంతకుముందు 2015లో మూడు వేర్వేరు సంస్థల టెస్టులతో ఒకసారి ప్రయత్నించి, ఒకదానితో ఒకటి పోల్చడానికి కుదరట్లేదని 2016లో మానేశారు. మళ్ళీ తెస్తున్నప్పుడు 2019 ఏప్రిల్‌లో తల్లిదండ్రులు నాలుగేళ్ల పిల్లల్ని వెంటపెట్టుకుని డౌనింగ్ స్ట్రీట్‌కి ఊరేగింపుగా వెళ్ళారు కూడా. ఈ బేస్‌లైన్ స్కోర్ టీచర్‌కి ఇవ్వరు, అమ్మానాన్నలకీ ఇవ్వరు, దాచిపెట్టి ఆ పిల్లలు ప్రైమరీ చివరి క్లాసు, ఇయర్ సిక్స్‌కి వచ్చాక స్కూల్ మొత్తం మీద ప్రోగ్రెస్ లెక్కకట్టడానికి వాడతారు. 2021లో చేరినవాళ్ళు 2028లో బయటికొస్తారు, అప్పుడు మొదటిసారి ఆ లెక్క వస్తుంది. అంటే నాలుగేళ్ల పిల్ల కొత్త స్కూల్లో కొత్త మనిషి ముందు 20 నిమిషాలు చెప్పినది ఏడేళ్ల తర్వాత స్కూల్‌ని తూచడానికి ఒక పళ్ళెంలో పెడతారన్నమాట. పిల్లని తూచట్లేదు కదా అంటారు, నిజమే, కానీ ఆ రెండు పళ్ళేల మధ్యలో జరిగిన ఏడేళ్లలో టీచర్‌కి ఉపయోగపడేది అందులో ఏముంది?

రిసెప్షన్ చివర్లో వచ్చే జీఎల్‌డీ, అంటే గుడ్ లెవెల్ ఆఫ్ డెవలప్‌మెంట్, ఇంకో కథ. 17 గోల్స్‌లో ప్రైమ్ ఏరియాలు, చదవడం రాయడం, లెక్కలు కలిపి 12 గోల్స్‌లో అన్నీ 'ఎక్స్‌పెక్టెడ్' వస్తేనే జీఎల్‌డీ వచ్చినట్టు. పదకొండు వచ్చి రాయడం ఒక్కటి రాకపోయినా రానట్టే. 2023–24లో దేశం మొత్తం మీద 67.7 శాతం పిల్లలకి వచ్చింది, 2028కల్లా 75 శాతం చేస్తామని ప్రభుత్వం టార్గెట్ పెట్టుకుంది. టార్గెట్ పెట్టడం మంచిదే, పేద కుటుంబాల పిల్లలు వెనకబడిపోతున్నారని తెలిసేది కూడా ఈ లెక్కల వల్లే. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఇక్కడ ఆగస్టు 31న పుట్టిన పిల్ల, అంతకుముందు ఏడాది సెప్టెంబర్ 1న పుట్టిన పిల్ల ఒకే క్లాసులో ఉంటారు. జూన్ చివర్లో టీచర్ ప్రొఫైల్ ముగించేసరికి ఒకరికి నాలుగేళ్ల పది నెలలు, ఇంకొకరికి అయిదేళ్ల పది నెలలు. ఆ వయసులో ఏడాది అంటే జీవితంలో అయిదో వంతు! ఇద్దరికీ ఒకటే గోల్, వయసు చూసి సర్దుబాటు ఏమీ ఉండదు. ఆగస్టు పిల్ల పెన్సిల్ పట్టుకోలేకపోతే 'ఎమర్జింగ్', ఆ ఏడాదిలో ఆ పిల్ల ఎంత దూరం నడిచిందో ఆ మాటలో ఎక్కడా లేదు.

మన తల్లిదండ్రులకి ఇంకో పోలిక కూడా ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అక్క కూతురు యూకేజీలో నాలుగు గీతల కాపీలో కర్సివ్ రాసేస్తుంటే, ఇక్కడ మన పిల్ల రోజంతా మట్టిలో ఆడి వచ్చిందని బాధ. నన్ను అడుగుతారు, "అక్కా, అసలు చదువు ఎప్పుడు మొదలవుతుంది?" అని. బయట గోడకి పెద్ద బ్రష్‌తో నీళ్ళు పూయడం చూసి నవ్వుతారు. భుజం, మోచెయ్యి, మణికట్టు గట్టిపడకుండా వేళ్ళకి పెన్సిల్ అదుపులోకి రాదు, ఆ గోడ మీద పైకీ కిందకీ, గుండ్రంగా తిప్పే బ్రష్‌తో మొదలయ్యేది అదే. నిజం చెప్పాలంటే ఇక్కడ కూడా ఈ గొడవ ఉంది, 2017లో ఆఫ్‌స్టెడ్ బోల్డ్ బిగినింగ్స్ అని రిసెప్షన్ మీద ఒక రిపోర్టు తెచ్చినప్పుడు, చదవడం లెక్కల మీద మరీ ఎక్కువ ఒత్తిడి పెడుతున్నారు, ఆటని పక్కకి నెడుతున్నారు అని ఎర్లీ ఇయర్స్ వాళ్ళు గట్టిగానే ఎదురుతిరిగారు.

ఇప్పుడు అసలు మన పిల్లల సంగతి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్ల నర్సరీకి వచ్చి మొదట్లో నెలల తరబడి ఒక్క ఇంగ్లీష్ మాట కూడా అనకపోవచ్చు. ఇది మామూలే, చెవులతో వింటూ లోపల పోగుచేసుకుంటూ ఉంటారు. కానీ ఇన్‌స్పెక్షన్ రోజున కళ్ళకి కనిపించేది మాట్లాడని పిల్ల. ఒక బాబు ఉండేవాడు, రూమ్‌లో నోరు విప్పేవాడు కాదు, లెక్కలు రావు అన్నట్టే ఉండేది అందరికీ. సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ తీసుకెళ్ళడానికి వచ్చేది, ఊరి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిందావిడ. గేటు దాకా మెట్లు దిగుతూ వాడు "ఒకటీ, రెండూ, మూడూ" అని మొదలుపెట్టి పదకొండు దాకా తప్పు లేకుండా లెక్కపెట్టి, "నిన్న కూడా పదకొండే కదా అమ్మమ్మా" అన్నాడు. ఆ రూమ్‌లో తెలుగు తెలిసింది నాకొక్కదానికే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మెట్ల సంఖ్య మారదని వాడికి అర్థమైంది, అది మామూలు విషయం కాదు, లెక్కల్లో పునాది అదే. తెలుగు తెలిసినవాళ్ళు ఎవరూ లేని రూమ్ అయితే వాడి మొదలు సున్నా అని రాసుండేవాళ్ళు.

దీనికి రూల్స్‌లోనే దారి ఉంది, చాలామందికి తెలియదు. ఇంట్లో ఇంగ్లీష్ కాని భాష మాట్లాడే పిల్లలకి ఆటలో, నేర్చుకోవడంలో ఆ భాష వాడే అవకాశం కల్పించాలి అని ఈవైఎఫ్ఎస్‌లోనే ఉంది. ఇంగ్లీష్ సరిగ్గా రాని పిల్లకి మాట ఆలస్యం అని తేల్చే ముందు ఇంటి భాషలో ఎలా మాట్లాడుతోందో అమ్మానాన్నల్ని అడిగి తెలుసుకోవాలి అని కూడా ఉంది, అడిగితే మంచిది అని కాదు, అడగాలి అని. రిసెప్షన్ చివరి ప్రొఫైల్‌లో కూడా మాట, చదవడం రాయడం గోల్స్ మాత్రమే ఇంగ్లీష్‌లో చూడాలి, లెక్కలతో సహా మిగతావి ఏ భాషలో చూపించినా ఒప్పుకోవచ్చు. అంటే తెలుగులో లెక్కపెట్టినా అది లెక్కలు వచ్చినట్టే. ఇంట్లో ఇంగ్లీష్‌లోనే మాట్లాడండి, లేకపోతే వెనకబడతాడు అని ఎవరో చెప్పారని తెలుగు మానేసిన ఇళ్ళు చూస్తుంటాను, మనసు చివుక్కుమంటుంది. తెలుగు బలంగా ఉన్న పిల్లకి ఇంగ్లీష్ ఆ పునాది మీదే వస్తుంది, మానేస్తే మొదలు ఎక్కడుందో చూపించడానికి కూడా ఏమీ మిగలదు.

స్పెషల్ నీడ్స్ ఉన్న పిల్లల దగ్గర ఇది ఇంకా సున్నితం. ఏడాది క్రితం తోటి పిల్లలు పక్కకొస్తే చెవులు మూసుకునే పిల్ల ఇవాళ స్నాక్ టేబుల్ దగ్గర అరటిపండు బొమ్మ కార్డు తీసి చేతికిచ్చింది. పాలా నీళ్ళా అంటే చూపుతో చెప్తోంది. ఏ బ్యాండ్ ప్రకారం చూసినా అది చిన్న అడుగు, ఆ పిల్లకీ ఆ తల్లికీ అది కొండెక్కడం. వాళ్ళ అమ్మకి ఆ సాయంత్రం చెప్పినప్పుడు కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే చూసింది.

2025 నవంబర్ నుంచి ఆఫ్‌స్టెడ్ పద్ధతి మళ్ళీ మారింది. 2023 జనవరిలో రెడింగ్‌లో కేవర్షమ్ ప్రైమరీ స్కూల్ హెడ్‌టీచర్ రూత్ పెర్రీ ఆత్మహత్య చేసుకోవడం, ఇన్‌స్పెక్షన్ కూడా దానికి కారణమైందని ఆ డిసెంబర్‌లో కరోనర్ (మరణ కారణాలు విచారించే అధికారి) తేల్చడం, ఆ తర్వాత 2024 సెప్టెంబర్‌లో స్కూళ్ళకి ఒక్క మాట రేటింగ్ తీసేయడం, ఇవన్నీ ఇక్కడ అందరికీ తెలిసినవే. ఇప్పుడు రిపోర్ట్ కార్డు వస్తోంది, ఇన్‌క్లూజన్ (ఏ పిల్లనీ వదలకుండా కలుపుకుపోవడం), అచీవ్‌మెంట్, ఇలా ఒక్కో ఏరియాకి వేరువేరుగా అయిదు మెట్ల గ్రేడ్, సేఫ్‌గార్డింగ్ మాత్రం ఉందా లేదా అంతే. ఇన్‌క్లూజన్‌ని విడిగా చూడటం నాకు బాగా నచ్చింది, అరటిపండు కార్డు లాంటివి కనిపించే అవకాశం అక్కడే ఉంది. అయిదు మెట్లు మళ్ళీ అయిదు రంగుల గడులు అయిపోయి, స్టాఫ్ మళ్ళీ ట్రాకర్ల వెనక పడతారేమో అని బెంగ కూడా ఉంది. ఇంకోటి, ఆరేళ్లకోసారి ఉండే నర్సరీ ఇన్‌స్పెక్షన్ల గడువుని 2026 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లకి తగ్గించే పని మొదలుపెడుతున్నారు, అది అవసరమే. ఇప్పటిదాకా మీరు ఆన్‌లైన్‌లో చదివే రిపోర్టులోని పిల్లలు ఏ ఇయర్ త్రీలోనో ఉండుంటారు, అప్పటి స్టాఫ్‌లో సగం మంది మారిపోయుంటారు.

కాబట్టి నర్సరీ చూడ్డానికి వెళ్ళినప్పుడు రిపోర్ట్ చదివి వెళ్ళండి, కానీ అక్కడ మేనేజర్‌ని కాకుండా రూమ్‌లో ఉన్న స్టాఫ్‌ని, మీరు కీ పర్సన్‌గా చూసుకునే పిల్లల్లో ఒకరు చేరినప్పటికీ ఇప్పటికీ ఏం మారారు, పేరు చెప్పక్కర్లేదు అని అడగండి. తడుముకున్నా పర్లేదు, ఇంగ్లీష్ తప్పులున్నా పర్లేదు, చెప్తుంటే ఆ మనిషి మొహం చూడండి, చెప్పడానికి ఏదైనా ఉందా లేదా తెలిసిపోతుంది. చేరాక ఒక ఫామ్ ఇస్తారు, పిల్ల గురించి, ఇష్టాలూ అలవాట్లూ అన్నీ. మనవాళ్ళు చాలామంది అందులో ఇంటి భాష అన్న చోట తెలుగు అని ఒక్క మాట రాసి మిగతా గడులు ఖాళీగా వదిలేస్తారు. అలా వదలకండి. ఎంతదాకా లెక్కపెడుతుందో, ఎన్ని పాటలు పాడుతుందో, నిన్న జరిగింది చెప్తుందా, రేపటి గురించి అడుగుతుందా, కథ వింటూ మధ్యలో ఏం ప్రశ్న వేస్తుందో, ఇవన్నీ తెలుగులో ఎలా చేస్తుందో ఇంగ్లీష్‌లో రాయండి, చోటు చాలకపోతే ఇంకో కాగితం జతచెయ్యండి. ఫోన్‌లో పిల్ల గలగలా తెలుగు మాట్లాడే వీడియో ఉంటే చూపించండి, అర్థం కాకపోయినా మాట తీరు వాళ్ళకి తెలుస్తుంది. ఆ కాగితం రిసెప్షన్ డెస్క్ దగ్గర పెట్టి రాకుండా కీ పర్సన్ చేతికే ఇవ్వండి, పిల్లని రిసెప్షన్ క్లాసుకి పంపేటప్పుడు దాని కాపీ ఒకటి ఆ టీచర్‌కి కూడా ఇవ్వండి.